నెహెమ్యా కాపలా కాసిన మెడ గొట్టం

పొద్దున్న అయిదూ నలభై. సముద్రంలో వాయుగుండమట, పలాస మీద రెండు రోజులుగా సన్నటి తుంపర ఆగకుండా పడుతోంది. ఆస్పత్రి మేడ మీది కిటికీ రెక్క సరిగా పడదు. ఆ సందులోంచి తడిగాలీ, దాంతోపాటు కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో వేగుతున్న జీడిపిక్కల వాసనా వార్డులోకి వస్తున్నాయి. మంచం మీద పడుకున్న బైరాగికి ఆకలిగా ఉంది.

మామూలు ఆకలి కాదది. ఆరు రోజులుగా నోట్లో గుటకెడు నీళ్ళు కూడా పోసుకోనివ్వలేదు. పెదాలు ఎండిపోతే భార్య గౌరమ్మ దూది తడిపి అద్దుతోంది, అంతే. ఇరవై రెండేళ్ళు జీడిపిక్కల బస్తాలు మోసిన కళాసీ బైరాగి. ఆ వాసన పడితే తల తిరిగేది. సాయంత్రం ఇంటికెళ్ళి రెండుసార్లు ఒళ్ళు తోముకునేవాడు. ఆ రోజు మాత్రం అదే వాసనకి నోట్లో నీళ్ళూరాయి. ఆ నీళ్ళు మింగొచ్చో మింగకూడదో తెలియక కాసేపు అలాగే ఉంచుకున్నాడు.

ఇది ఆరేళ్ళ కిందటి మాట. ఇప్పుడు బైరాగి మూడు పూటలా తింటున్నాడు. బస్తాలు మాత్రం మొయ్యడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా చూస్తాడు. అయినా తుంపర పడే పొద్దుల్లో ఆ వార్డు గుర్తొస్తుంది. వార్డు గుర్తొస్తే నెహెమ్యా గుర్తొస్తాడు.

నడుం నొప్పికి బైరాగి ఏళ్ళ తరబడి మందుల షాపు మాత్రలు మింగాడు. అదీ పరగడుపున, టీ నీళ్ళ మీద. ఒక మధ్యాహ్నం బస్తా దింపుతూ అక్కడే కుప్పకూలాడు. కడుపులో చిల్లు పడిందన్నారు, కోసి కుట్టారు. అయిదో రోజుకి ఆ కుట్టు దగ్గర కారడం మొదలైంది. మళ్ళీ తెరిచి కడగాలన్నారు. కడిగినా ఆ చిల్లు పూర్తిగా మానేదాకా, మూడు వారాలో నాలుగు వారాలో, నోటి నుంచి ఏమీ పెట్టకూడదన్నారు. చేతి నరాల్లోంచి ఎక్కిద్దామంటే ఒక్క నరం మిగల్లేదు. సూది గుచ్చిన చోటల్లా వాచిపోయింది.

మత్తు ఇచ్చే డాక్టర్ కళ్యాణి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. గౌరమ్మని పక్కకి పిలిచి చెప్పింది. "మెడ దగ్గర పెద్ద నరం ఉంటుందమ్మా. అందులోంచి గుండె దగ్గర దాకా సన్న గొట్టం వేస్తాం. ఆపరేషన్‌కీ అదే దారి, ఆ తర్వాత తిండికీ అదే దారి."

"మెడకి కూడెట్టడమేటి తల్లీ! నోరుండగా?" అంది గౌరమ్మ.

"నోటికి సెలవు ఇచ్చామనుకో."

"ఈ మనిషి నోటికి సెలవా? మా ఈదోళ్ళందరూ పండగ సేసుకుంతారు," అని నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ ఏడుపు మధ్యలోనే తోపుడు బల్లతో నెహెమ్యా వచ్చాడు. యాభై దాటినవాడు, పొట్టి, చెవుల మీద తెల్ల వెంట్రుకలు, వెలిసిపోయిన ఆకుపచ్చ బట్టలు. టెక్కలి దగ్గర ఒక పల్లె అతనిది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. స్ట్రెచర్ తోసే పనితో మొదలుపెట్టి, ఇరవై నాలుగేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లలోనే ఉన్నాడు. ఈ ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద సహాయకుడు.

"పేరు సెప్పు బావా," అన్నాడు.

"పేరు రాసిన సీటీ నీ సేతిలోనే ఉంది కదేటి."

"సీటీ మాట సీటీది. నీ నోటితో సెప్పు."

"బైరాగి. నోటికి సెలవిచ్చీసినారంట, ఇంకేటీ అడక్కు."

నెహెమ్యా నవ్వి, బైరాగి మెడకి సబ్బునీళ్ళ గుడ్డ పెట్టాడు. ఒకసారి తుడిచాడు, రెండోసారి తుడిచాడు. కుడి భుజం నుంచి చెవి కింద దాకా ఉన్న నల్లటి మరక కదల్లేదు. అటుగా వచ్చిన డాక్టర్ కళ్యాణి ముఖం చిట్లించింది.

"ఇంత మురికేంటి నెహెమ్యా? సరిగ్గా కడుగు."

"మురికి కాదు మేడమ్, జీడి. బస్తాలోంచి కారిన రసం సర్మంలోకి దిగిపోద్ది. మా అమ్మ దోర్కాస్‌కి సేతులు సచ్చేదాకా ఇలాగే ఉండీవి. ఎంత రుద్దినా సర్మం ఊడొత్తాది గానీ ఇది పోదు. మందుతో తుడిత్తే సాలు."

బైరాగి తల తిప్పి ఆ మనిషి వంక మొదటిసారి సరిగ్గా చూశాడు. ఆస్పత్రికి వచ్చిన ఆరు రోజుల్లో తన ఒంటి మీది మరకని మురికి కాదన్నవాడు అతనొక్కడే.

థియేటర్లో బల్ల మీద పడుకోబెట్టి, తల వైపు కిందికి, కాళ్ళ వైపు పైకి వంచారు. రక్తం ముఖంలోకి పొంగింది. "బోర్లించేత్తారేటి?" అని అరిచాడు బైరాగి.

"తల కిందుంటే నరం నిండుగా ఉబ్బుతాది. సూది ఎల్లడం సులువు. గాలి లోపలికి పోకుండా కూడా ఉంటాది," అన్నాడు నెహెమ్యా. తల కొంచెం ఎడమకి తిప్పి భుజాల కింద చిన్న గుడ్డ చుట్ట పెట్టాడు. డాక్టరమ్మ టోపీ, మాస్కు, గౌను, చేతి తొడుగులు వేసుకుని మెడకి మందు రాసింది. వెంటనే గుడ్డ కప్పబోయింది.

"ఆరనిద్దామా మేడమ్?" అన్నాడు నెహెమ్యా.

"రాశాం కదా."

"తడి మీద పని సెయ్యదు మేడమ్. ఆరితేనే పురుగు సచ్చేది."

అతను మాస్కు లోపల చర్చి పాట ఒకటి కూనిరాగం తీశాడు. ఒక చరణం పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, అదీ అతని లెక్క. డాక్టరమ్మకి విసుగొచ్చినట్టే ఉంది. కానీ ఆగింది. తర్వాత తల నుంచి పాదాల దాకా ఒకటే పెద్ద గుడ్డ కప్పారు. బైరాగికి చీకటై ఊపిరాడనట్టు అయింది. నెహెమ్యా కుడి మెడ ముట్టకుండా ముఖం మీది గుడ్డని ఎడమ పక్క నుంచి గుడారంలా ఎత్తి పట్టుకుని, ఆ సందులోకి తల దూర్చాడు.

"ఇదిగో బావా, నాను నీ కాడే ఉన్నాను. మేడమ్ స్కాన్ మిసిన్లో సూత్తన్నాది. రెండు నల్ల సున్నాలు కనపడతన్నాయి. నొక్కితే ఒకటి అణిగిపోద్ది, అది మనకి గావాల్సిన నరం. రెండోది అణగదు, కొట్టుకుంతాది. దాని జోలికెల్లకూడదు. ఎనకటికి ఈ మిసిను లేనప్పుడు సేతి వేళ్ళతో తడుముకుని గుచ్చీవోళ్ళు. ఒక ముసలమ్మకి సూది ఊపిరితిత్తిలోకి ఎల్లిపోనాది. ఆవిడి రొమ్ములో గాలి తీయడానికి ఇంకో గొట్టం ఎయ్యాల్సొచ్చినాది. అప్పటినుంచి నాకు భయమే."

"భయమని నాకు సెప్తావేటి!"

"భయం నాకుంతే నీకు మంచిది బావా."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. సూది లోపల ఉన్నప్పుడు బైరాగి గట్టిగా ఊపిరి పీలిస్తే గాలి నరంలోకి పోవచ్చు. కాబట్టి చెప్పినప్పుడు బిగబట్టాలి. "బస్తా ఎత్తీ ముందు ఊపిరి బిగబడతావు సూడు, సరిగ్గా అక్కడ ఆగిపో. ఎత్తొద్దు! కళాసీలందరూ నాను బస్తా అనగానే భుజం ఎగరేత్తారు. భుజం ఎగరేత్తే సూది తప్పుతాది. బస్తా నేల మీదే ఉంది. నువ్వు వంగున్నావు, అంతే."

"భావనపాడు సేపలోళ్ళకి ఏటి సెప్తావు? ఆళ్ళు బస్తాలు మొయ్యరు కదా."

"పడవ అల మీదికి ఎక్కీ ముందు ఎలాగ బిగబడతారో అలాగంటాను. అందరికీ ఊపిరి బిగబట్టీ పనొకటి ఉంటాది."

బైరాగి ఊపిరి బిగబట్టాడు. కళ్ళ ముందు గోనెబస్తా, పక్కన ఆసరా ఇచ్చే తోటి కళాసీ, తడి నేల. భుజం ఎగరాలని పీకింది. ఎగరనివ్వలేదు. సూదిలోంచి సన్నటి తీగ లోపలికి వెళుతుంటే గుండె మిషను రెండు దెబ్బలు తప్పి కూసింది. "కొంచెం ఎనక్కి మేడమ్," అని నెహెమ్యా మెల్లగా అన్నాడు. తీగ వెనక్కి రాగానే కూత సర్దుకుంది. ఆ తీగ మీదుగా గొట్టం ఎక్కించి, తీగ బయటికి లాగారు. డాక్టరమ్మ దాన్ని పళ్ళెంలో పెట్టగానే నెహెమ్యా వంగి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, గదంతా వినపడేలా, "తీగ వచ్చింది!" అన్నాడు. అలా అనందే డాక్టరు బల్ల దగ్గర్నుంచి కదలకూడదు. థియేటర్లో ఆ అలవాటు పెట్టింది అతనే. తీగ లోపల మర్చిపోతే దానితోపాటే ఆ మనిషినీ మర్చిపోవాల్సి వస్తుందని అనేవాడు.

గొట్టం కదలకుండా మెడకి కుట్లు వేసి, పైన అద్దంలాంటి పారదర్శకపు పట్టీ అంటించి, దాని మీద తేదీ రాశారు. అప్పుడు మత్తు ఇచ్చి కడుపు కడిగారు. ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే తీసి గొట్టం కొస సరైన చోట ఉందని చూసుకున్నాకే తిండి సంచి తగిలించారు. తెల్లగా, పాలలా ఉండే సంచి.

ఆ రోజుల గురించి చెప్పమంటే బైరాగి ఇప్పటికీ మెడ తడుముకుంటాడు. పొద్దున్నే నెహెమ్యా వచ్చేవాడు. థియేటర్ మనిషికి వార్డులో పని లేదు. అయినా వచ్చేవాడు. పట్టీ అంచులు చూసేవాడు, చుట్టూ ఎర్రబడిందా అని కళ్ళు దగ్గరగా పెట్టి చూసేవాడు. మందెక్కించడానికి నర్సు జెన్నిఫర్ వస్తే, "గొట్టం మూత తుడిసినావా తల్లీ?" అనేవాడు. తుడిచినా మళ్ళీ తుడిపించేవాడు. డాక్టరమ్మ ఎదురుపడితే, "ఈ గొట్టం ఇంకా గావాలా మేడమ్?" అని రోజూ అదే ప్రశ్న. అవసరం తీరాక ఒక్క రోజు కూడా ఉంచకూడదని అతని పట్టుదల.

"నిన్నేగా అడిగావు నెహెమ్యా!"

"ఈరోజు అడగనేదు కదా మేడమ్."

మధ్యాహ్నం పూట తీరిక దొరికితే మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. అవన్నీ తిండి కబుర్లే. బైరాగి అడిగేవాడు, అతను చెప్పేవాడు. ఎండుచేపల పులుసులో ఎన్ని వంకాయలు, ములగాకు ఎప్పుడు వెయ్యాలి, చద్దన్నంలో ఉల్లిపాయ నలపాలా కోయాలా. తిండి లేని మనిషి దగ్గర తిండి మాటలేమిటని గౌరమ్మ తిట్టేది.

"ఓలమ్మా, నోరు కట్టీసినారు గానీ సెవులు కట్టలేదు కదా. తిననీ," అనేవాడు నెహెమ్యా.

గొట్టం వేసిన పదకొండో రోజు శనివారం. పొద్దున్న పట్టీ మార్చి, ఆదివారం చర్చికి వెళ్తానని చెప్పి అతను వెళ్ళాడు. మధ్యాహ్నానికి బైరాగికి పట్టీ కింద దురద మొదలైంది. జీడి పని చేసే ఇళ్ళలో దురద అంటే ఒకటే గుర్తొస్తుంది, కొబ్బరినూనె. పిక్కల మీద చెయ్యి వేసే ముందు నూనె, రసం తగిలి ఒళ్ళు కాలితే నూనె, రాత్రి మంటకి నూనె. గౌరమ్మ పిక్కలు కొట్టే మనిషి. ఆమె సంచిలో చిన్న సీసా ఎప్పుడూ ఉంటుంది.

"ఓ సుక్క ఇయ్యే."

"నెహెమ్యా అన్నియ్య సూత్తే సంపుతాడు."

"సూత్తే కదా. నూనె ఏటి సేత్తాది? పుట్టినకాడినుంచి రాత్తన్నాం."

గోటితో పట్టీ అంచు ఎత్తి వేలితో నూనె అద్దుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఆదివారం మళ్ళీ నాలుగుసార్లు రాసుకున్నాడు. అంచు మళ్ళీ అంటుకోలేదు. జెన్నిఫర్ కంట పడకుండా దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

సోమవారం తెల్లవారేసరికి చలిజ్వరం. పళ్ళు టకటక కొట్టుకున్నాయి, మంచం కదిలింది. నెహెమ్యా వచ్చి దుప్పటి తీశాడు. మెడ చుట్టూ ఎర్రగా ఉంది. వంగి వాసన చూశాడు. తలెత్తి ఇద్దరి వంకా చూశాడు. గౌరమ్మ ఏడుస్తూ సీసా చూపించింది.

"ఎన్నిసార్లు?"

"మూడు," అన్నాడు బైరాగి.

"అయిదు అన్నియ్యా," అంది గౌరమ్మ.

అంతలో ఆస్పత్రి పెద్దసారు పరిశీలనకి వచ్చాడు. వెనక డాక్టర్ కళ్యాణి. పెద్దసారు ఊడిన పట్టీ చూసి గొంతు పెంచాడు. "ఎవరు చెయ్యి పెట్టారు దీనికి? ఇంటివాళ్ళేనా? చెప్పిన మాట వినని కేసులు నాకొద్దు. ఇప్పుడే అంబులెన్స్ పిలిచి విశాఖ పంపెయ్యండి."

కడుపు కారుతున్న మనిషి, ఒంట్లో వణుకు, విశాఖ నాలుగైదు గంటల దారి. దారిలో మందెక్కించడానికి ఒక్క నరం లేదు. ఆ మంచం వదిలితే తను బతకడని బైరాగికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నిజం ఒప్పుకుందామని నోరు తెరిచాడు. తెరిచి, దుప్పటి మళ్ళీ మెడ దాకా లాక్కున్నాడు.

"తప్పు నాది సార్," అన్నాడు నెహెమ్యా. "శనివారం పట్టీ మార్చింది నేనే. మందు ఆరకముందే అంటించేశాను. ఊడిపోయింది."

డాక్టర్ కళ్యాణి చటుక్కున అతని వంక చూసింది. ఆరనివ్వడం నేర్పినవాడు ఆరకముందే అంటించాడంటే ఆమె నమ్మదు. ఆమె నమ్మలేదని బైరాగికి ఆ చూపులోనే తెలిసింది. పెద్దసారు మాత్రం నమ్మాడు. అందరి ముందూ నెహెమ్యాని అనరాని మాటలన్నాడు, రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నాడు. బైరాగిని పంపించే మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. తమ మనిషి తప్పయినప్పుడు రోగిని ఎలా పంపుతారు?

ఆయన వెళ్ళగానే నెహెమ్యా డాక్టరమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. నూనె సంగతి దాస్తే వైద్యం పక్కదారి పడుతుంది కదా. "ఈ గొట్టం ఇంకుంచకూడదు మేడమ్. ఈరోజే తీసీవాల."

"తీస్తాం. నేను సార్‌తో మాట్లాడతాను నెహెమ్యా. ఇది నీ తప్పు కాదని చెప్తాను."

"ఇతను కూడు తిన్నాక మాట్లాడండి మేడమ్. ఇప్పుడు మాట్లాడితే అంబులెన్సు ఎక్కించీత్తారు."

తల కిందికి వంచి, బస్తా నేల మీదే ఉందని మళ్ళీ చెప్పి, గొట్టం తీసేశారు. నెహెమ్యా ఆ చోట మెత్తటి గుడ్డ పెట్టి పది నిమిషాలు వేలు ఎత్తకుండా అదిమి పట్టాడు. ఆ పది నిమిషాలూ బైరాగి అతని ముఖాన్నే చూశాడు.

"ఎందుకలాగ సెప్పినావన్నా? నాను సెప్పేత్తాను సారుకి."

"ముందు కూడు తిను. తర్వాత సెప్పు."

"నీ ఉద్దోగం?"

"మాటాడకు. మెడ కదులుతాది."

జ్వరం తగ్గడానికి మూడు రోజులు పట్టింది. చేతిలో ఎక్కడో దొరికిన సన్న నరంతో ఆ మూడు రోజులూ నెట్టుకొచ్చారు. తర్వాత ఎడమ మెడలో కొత్త గొట్టం వేశారు. మళ్ళీ అదే తుడవడం, అదే కూనిరాగం, అదే తీగ. ఈసారి "ఆరనిద్దాం," అని డాక్టరమ్మే అంది. వార్డుకి వచ్చాక బైరాగి రెండు చేతులూ పిరుదుల కింద పెట్టుకుని పడుకునేవాడు. దురద వస్తే గౌరమ్మని తిట్టమనేవాడు. తిట్లు వింటే దురద మర్చిపోవచ్చని. గౌరమ్మకి తిట్లకి కరువు లేదు.

నెహెమ్యా రోజూ వచ్చాడు. తిండి కబుర్లు అలాగే చెప్పాడు. సంజాయిషీ కాగితం ఏమైందని అడిగితే ములగాకు సంగతికి వెళ్ళిపోయేవాడు. పెద్దసారు మంచం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ బైరాగి దిండు మీంచి తల ఎత్తేవాడు. ఈరోజు చెప్పేద్దాం అనుకునేవాడు. ఆయన పట్టీ చూసి, "బాగుంది," అని ముందుకు కదిలితే, రేపు చెబుదాంలే అనుకునేవాడు. గంజి తాగాక చెబుదాం. నెహెమ్యాయే అలా అన్నాడు కదా.

కడుపు చిల్లు మూసుకుందని ఒక గురువారం తేల్చారు. ఆ రోజు నెహెమ్యాయే నిలబడి ఎడమ మెడ గొట్టం తీయించాడు. వేలితో అదిమి, గాలి దూరకుండా పట్టీ వేసి, ఒక రోజంతా తియ్యొద్దని గౌరమ్మకి మూడుసార్లు చెప్పాడు. వెళ్తూ వెళ్తూ బైరాగి గడ్డం కింద వేలు పెట్టి మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎప్పుడూ చూసే చూపే.

శుక్రవారం పొద్దున్న జెన్నిఫర్ స్టీలు గ్లాసులో పల్చటి గంజి తెచ్చింది. రెండు గుక్కలే అంది. గంజి గొంతు దిగుతుంటే బైరాగి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గ్లాసు కింద పెట్టి, "నెహెమ్యా అన్నని పిలు తల్లీ. సూడమను," అన్నాడు.

జెన్నిఫర్ తల వంచుకుంది.

"లేడు. నిన్నటితో కాంట్రాక్టు ఆపీసినారు. సాయంత్రం థియేటర్ బీరువా తాళాలు నా టేబిల్ మీద ఎట్టీసి ఎల్లిపోనాడు. నాను డ్రస్సింగు రూములో ఉన్నాను, నాకూ సెప్పనేదు. మేడమ్‌కీ సెప్పనేదు."

బైరాగి లేచాడు. కడుపు మీద చెయ్యి వేసుకుని, గోడ పట్టుకుని, వరండా చివర పెద్దసారు గది దాకా నడిచాడు. వెనక గౌరమ్మ వద్దువద్దంటూ వచ్చింది. తలుపు దగ్గర నిలబడి చెప్పేశాడు.

"బాబూ, నూనె నాను రాసుకున్నాను. పట్టీ నాను ఊడదీసినాను. ఆయన తప్పు ఏటీ నేదు."

పెద్దసారు రాస్తున్న కాగితం మీంచి తలెత్తాడు. "తెలుసయ్యా. కళ్యాణి మేడమ్ ఇందాకే చెప్పింది. అప్పుడు చెప్పాల్సింది. అతనే ఒప్పుకుని సంతకం పెట్టాడు, నేనేం చెయ్యను? వెళ్ళి పడుకో."

"ఇప్పుడైనా రాసుకోండి బాబూ."

ఆయన మళ్ళీ కాగితంలోకి వంగాడు.

బైరాగి అక్కడే, తలుపు పక్కన బల్ల మీద కూలబడ్డాడు. గౌరమ్మ గబగబా మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆటో స్టాండులో అడిగింది, టీ కొట్టులో అడిగింది. కాసేపటికి తిరిగి వచ్చింది, వానకి తడిసి.

"నిన్న చీకటి పడకముందే టెక్కలి బస్సెక్కీసినాడంట. సేతిలో ఒక్క సంచేనంట. టీ కొట్టాయన పలకరిత్తే సెయ్యూపినాడంట, అంతే. మాటాడనేదంట."